టైల్స్ వేశాక లోతుకు పోయిన ఫ్లాంజ్: ఎత్తు పెంచే రింగుల కిట్‌పై ఒక సమీక్ష

నేను సమీక్షిస్తున్న ఈ వస్తువు చూడటానికి ఏమంత గొప్పది కాదు. అట్టపెట్టె విప్పితే టిఫిను పళ్లెమంత వెడల్పున, నడుమ పెద్ద కన్నంతో ఉన్న మూడు ప్లాస్టిక్ చక్రాలు, రెండు పొడవాటి బోల్టులు, నాలుగు స్క్రూలు, ఒక పలుచని ఫోమ్ గ్యాస్కెట్, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అచ్చువేసిన ఒక కాగితం కనిపిస్తాయి. కమోడ్ కింద మురుగు గొట్టం మూతికి ఉండే ఫ్లాంజ్ అనే అంచును ఎత్తు పెంచడానికి వాడే దీనిని అమెరికాలోని హార్డ్‌వేర్ దుకాణాల్లో ఫ్లాంజ్ ఎక్స్‌టెండర్ కిట్ అనో, స్పేసర్ కిట్ అనో అంటారు. పన్నుతో కలిపినా 20 డాలర్లు దాటలేదు. ఇంత చిన్న సరుకు గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. న్యూజెర్సీలోని మా ఇంట్లో పై అంతస్తు బాత్‌రూమ్‌కు వినైల్ షీటు తీయించి కొత్తగా టైల్స్ వేయించిన తరువాత, కింద భోజనాల గది సీలింగుకు పట్టిన మరకను చివరికి ఆపినవి ఈ చక్రాలే. టైల్స్ వేయించే ముందు ఒక్క పూట కూర్చొని లెక్క చూసుకొని ఉంటే వీటితో పనే పడేది కాదన్నది కూడా అంతే నిజం. ఇటువంటి కిట్‌లను పలు కంపెనీలు దాదాపు ఒకే తీరున తయారు చేస్తున్నాయి గనుక, కంపెనీ పేరు జోలికి పోకుండా ఈ రకం వస్తువు గురించే రాస్తున్నాను.

ఫ్లాంజ్ అంటే కమోడ్ కింద మురుగు గొట్టం మూతి చుట్టూ ఉండే వెడల్పాటి అంచు. నేలలోంచి పైకి వచ్చిన గొట్టం ఈ అంచు దగ్గర ముగుస్తుంది. అంచులోని చీలికల్లో రెండు బోల్టులు, తల కిందికీ మర పైకీ ఉండేలా, గొట్టానికి అటొకటీ ఇటొకటీ నిలబడతాయి. మూతి మీద మైనపు రింగు పెట్టి, ఆ బోల్టుల మీదుగా కమోడ్‌ను దించి, మన బరువు వేసి కూర్చోబెడితే, మైనం నలిగి కమోడ్‌కూ ఫ్లాంజ్‌కూ మధ్య ఉన్న సందును పూడుస్తుంది. నీటిని బయటికి పోనివ్వనిదీ, మురుగు వాయువును గదిలోకి రానివ్వనిదీ ఆ నలిగిన మైనమే. బోల్టులు కమోడ్‌ను కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతవరకే వాటి పని. అందువల్ల మైనం ఎంత నలగాలో అంతే నలగడానికి ఫ్లాంజ్ ఎత్తు సరిగ్గా ఉండి తీరాలి. అంచు అడుగుభాగం పూర్తయిన నేల మీద ఆనాలి, అంటే అంచు పైభాగం టైల్ కన్నా సుమారు పావు అంగుళం ఎత్తున ఉండాలి. ఇక్కడి ప్లంబర్లు ఎవరిని అడిగినా ముందుగా చెప్పే మాట ఇదే.

ఆ రోజుల్లో ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా నాన్నగారికి ఈ ఏర్పాటు అంతా వింతగా తోచింది. ఆయన తెనాలి దగ్గర ఓవర్సీరుగా చేసి రిటైరయిన మనిషి. “మన దగ్గరైతే గొట్టంలో కమోడ్ మూతి కూర్చోబెట్టి, చుట్టూ వైట్ సిమెంటు కొట్టి, రెండు రోజులు ఎవరినీ వెళ్లనివ్వరు. మైనమేమిటిరా, మైనం?” అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. మన ఇళ్లలో బాత్‌రూమ్ కింద ఉండేది కాంక్రీటు శ్లాబు, అది కదలదు. ఇక్కడి ఇళ్లలో పై అంతస్తు నేల అంటే 16 అంగుళాల దూరంలో వరుసగా పేర్చిన చెక్క దూలాలు, వాటి మీద ముప్పావు అంగుళం ప్లైవుడ్. చలికాలంలో ఎండి కుంచించుకుంటుంది, వేసవిలో చెమ్మకు ఉబ్బుతుంది, మనిషి నడిస్తే కొద్దిగా వంగుతుంది. సిమెంటు పెడితే పగులుతుంది. ఏ రోజైనా విప్పి మళ్లీ పెట్టుకోగల మైనమూ బోల్టులూ ఇటువంటి నేలకు నప్పుతాయి. హైదరాబాదులో ఇప్పుడు అమ్ముతున్న సైఫానిక్ రకం వన్-పీస్ కమోడ్‌లలో 300 మిల్లీమీటర్ల ఎస్-ట్రాప్‌వి (మురుగు నేలలోకి దిగే రకంవి) బిగించేటప్పుడు కూడా ఇటువంటి రింగులు కనిపిస్తున్నాయి గనుక, అక్కడ బాత్‌రూమ్ నేల మార్పించుకుంటున్నవారికి కూడా ఈ ఎత్తు సంగతి కొంత పనికి రావచ్చు.

ఇక మా ఇంట్లో ఏం జరిగిందో అంకెల్లో చెప్తాను, ఎందుకంటే ఈ గొడవంతా అంగుళంలో పదహారో వంతుల లెక్క. మా ఇల్లు 1987లో కట్టినది. అప్పటి ఫ్లాంజ్ నేరుగా ప్లైవుడ్ మీద ఉంది. దాని అంచు మందం 5/16 అంగుళం. చుట్టూ ఉన్న వినైల్ షీటు 1/8 అంగుళం కూడా ఉండదు గనుక, ఫ్లాంజ్ పైభాగం వినైల్ కన్నా కాస్త ఎత్తుగానే ఉండి, ముప్పై ఏళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ఆ వినైల్ తీసేసి, ప్లైవుడ్ మీద, టైల్స్‌కు ఆధారంగా ఉండే పావు అంగుళం సిమెంట్ బ్యాకర్ బోర్డు వేశారు. బోర్డు కింద ఒక పొర, పైన ఒక పొర థిన్‌సెట్ (టైల్స్ అతికించే సిమెంటు జిగురు) కలిపి 3/16 అంగుళం. ఆ పైన 3/8 అంగుళం టైల్. మొత్తం కూడితే 13/16 అంగుళం. ఫ్లాంజ్ మాత్రం పాత చోటనే, ప్లైవుడ్ మీద 5/16 ఎత్తున ఆగిపోయింది. అంటే టైల్ కన్నా పావు అంగుళం పైన ఉండవలసిన అంచు, అర అంగుళం కిందికి పోయింది. ఉండవలసిన చోటికీ ఉన్న చోటికీ తేడా ముప్పావు అంగుళం. బ్యాకర్ బోర్డుకు బదులు ష్లూటర్ వారి డిట్రా వంటి 1/8 అంగుళం పొర వేయించి ఉంటే ఈ తేడా కొంత తగ్గేది కాని పోయేది కాదు.

వినైల్ విషయంలో ఒక హెచ్చరిక. 1980కి ముందు కట్టిన ఇళ్లలో పాత షీటులోనూ, దాన్ని అతికించిన జిగురులోనూ ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనుక, పరీక్ష చేయించకుండా దానిని గీకడం గాని, పొడి చేయడం గాని తగదు.

మాకు టైల్స్ వేసిన మేస్త్రీల పనితనానికి నేను వంక పెట్టలేను. గీత తప్పని గ్రౌట్, గోడ మూలల్లో నీటుగా కోసిన ముక్కలు, రసమట్టం పెట్టి చూస్తే ఎక్కడా బుడగ పక్కకు పోని నేల. ఆ పని కంటికి కనిపించేది. కమోడ్ కింద ఉన్నది కనిపించేది కాదు. ఫ్లాంజ్ చుట్టూ టైల్‌ను గుండ్రంగా కోసి, అది అర అంగుళం లోతున ఉండిపోయినా పట్టించుకోకుండా, ఒక మైనపు రింగు మీద మరొకటి పేర్చి, కమోడ్‌ను దించి, బోల్టులు బిగించి వెళ్లిపోయారు. అడిగితే “డబుల్ వ్యాక్స్, నో ప్రాబ్లమ్” అన్నారు. మూడు వారాల పాటు నిజంగానే ఏ ప్రాబ్లమూ కనబడలేదు. నాలుగో వారంలో పొద్దున తలుపు తెరిస్తే సన్నగా వాసన. ఆరో వారంలో మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర తలెత్తి, “ఏవండీ, అది నిన్న కూడా ఉందా?” అని అడిగింది. సీలింగు మీద పలుచటి టీ రంగులో, అంచు మాత్రం ముదురుగా, అరచేతంత మరక.

రెండు మైనపు రింగులు పేర్చడం ఎందుకు నిలవదో చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ కిట్‌కు అసలు పోటీ ఆ చిట్కాయే. మైనానికి సాగే గుణం లేదు. ఒకసారి నలిగితే నలిగినట్టే ఉంటుంది, తిరిగి లేవదు. మందం రెట్టింపైన కొద్దీ అది పక్కలకు జారడానికి వీలు పెరుగుతుంది. ఒక రింగుకూ మరో రింగుకూ మధ్య ఉన్న అతుకు మరొక బలహీనత. కమోడ్ మీద మనిషి కూర్చొని లేచినప్పుడల్లా వెంట్రుక వాసి కదలిక ఉన్నా చాలు, ఆ అతుకు దగ్గర సందు పడుతుంది. మా కమోడ్ ఒక్కో ఫ్లష్‌కు 1.28 గ్యాలన్ల నీరు వదులుతుంది. అందులో ఒక చెంచాడు పక్కకు పోయినా, నలుగురున్న ఇంట్లో రోజు తిరిగేసరికి ఎంత అవుతుందో ఊహించుకోవచ్చు. పైగా ఆ నీరు పైన నేల మీదికి రాదు. ప్లైవుడ్‌లోకి దిగి, దూలం వెంబడి పాకి, తనకు నచ్చిన చోట సీలింగుకు అంటుకుంటుంది. టైల్ మీద తడి లేదు గనుక లీకు లేదనుకోవడం మేము చేసిన పొరపాటు.

వాల్వు కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, స్పాంజితో మిగిలిన నీరు తోడి, నేనూ నాన్నగారూ కలిసి కమోడ్‌ను పాత దుప్పటి మీదికి ఎత్తి పక్కన పెట్టాము. కింద చూసినది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పై రింగు ఒక పక్కకు జరిగి, నెలవంకలా నలిగి ఉంది. రెండో పక్క అసలు నలగనే లేదు, దుకాణం నుంచి తెచ్చినప్పటి మెరుపు దాని మీద అలాగే ఉంది. ఫ్లాంజ్ చీలికల్లో థిన్‌సెట్ గట్టిపడి బోల్టు తలలను సగం పాతిపెట్టింది. చుట్టూ ప్లైవుడ్ నల్లబడింది. స్క్రూడ్రైవరు మొనతో నాలుగు వైపులా పొడిచి చూశాను. మొన దిగలేదు, చెక్క గట్టిగానే ఉంది. అది మా అదృష్టం. మొన మెత్తగా దిగితే మాత్రం ఈ కిట్ కొనడం దండగ. కుళ్లిన చెక్కలో స్క్రూ పట్టదు, పట్టని స్క్రూల మీద నిలిచిన ఫ్లాంజ్ ఎంత ఎత్తున ఉన్నా కదులుతూనే ఉంటుంది. అప్పుడు ముందుగా ఆ మేర ప్లైవుడ్ కోసి కొత్తది వేయించాలి.

కిట్ బిగించడంలో ఎక్కువ సమయం పట్టినది శుభ్రం చేయడానికే. మైనం జాడ ఏమాత్రం ఉన్నా సిలికోన్ అంటుకోదు. ముందు ప్లాస్టిక్ పుట్టీ కత్తితో గీకి, తరువాత మినరల్ స్పిరిట్స్‌తో (రంగులు పలుచన చేసే ద్రావకంతో) తుడిచి, చివరగా రబ్బింగ్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచాను. చీలికల్లోని థిన్‌సెట్‌ను చిన్న ఉలితో, ఫ్లాంజ్ పగలకుండా, గింజ గింజగా రాల్చవలసి వచ్చింది. అంతకు ముందే గొట్టంలో ఒక పాత తువ్వాలు కుక్కి, దాని కొసకు తాడు కట్టి కిటికీ గడియకు ముడివేశాను. తువ్వాలు మురుగు వాయువును ఆపడానికి, తాడు ఆ తువ్వాలు గొట్టంలోకి జారిపోకుండా ఉండడానికి.

తరువాత చక్రాలను జిగురేమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీదుగా ఒక తిన్నని చెక్కను టైల్ మీదికి అడ్డంగా ఉంచి కొలిచాను. మా కిట్‌లో అర అంగుళం చక్రం ఒకటి, పావు అంగుళం చక్రాలు రెండు ఉన్నాయి. అరా పావూ కలిపి ముప్పావు. పాత ఫ్లాంజ్ మీద అవి పెట్టేసరికి పైభాగం టైల్ కన్నా సరిగ్గా పావు అంగుళం ఎత్తుకు వచ్చింది. రెండో పావు చక్రం పెట్టెలోనే ఉండిపోయింది. ఈ లెక్క చూడకుండా ఉన్నవన్నీ పేర్చేస్తే కమోడ్ అడుగు టైల్‌కు ఆనక, ఫ్లాంజ్ మీద ఊగుతూ ఉంటుంది. లోతు ఎక్కువైతే లీకు, ఎత్తు ఎక్కువైతే ఊగడం, ఆ ఊగడం వల్ల మళ్లీ లీకు.

పాత ఫ్లాంజ్ మీద స్క్రూ కన్నాలకు లోపలివైపుగా సిలికోన్‌ను తెగకుండా ఒక చుట్టు, మొదటి చక్రం మీద మరో చుట్టు వేసి, చీలికలు అన్నీ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పి నొక్కాను. బోల్టు తలలు పాత ఫ్లాంజ్ చీలికలోనే ఉండాలి, పై చక్రాల్లోంచి మర మాత్రమే పైకి రావాలి. బోల్టులు రెండూ వెనుక గోడకు సమాన దూరంలో ఉన్నాయో లేదో టేపుతో చూసుకోవాలి, లేకపోతే కమోడ్ వంకరగా కూర్చుంటుంది. ఆపైన స్క్రూలు బిగించి, ఒక రాత్రి పూర్తిగా ఆరనిచ్చాను.

కిట్ లోపాలు బయటపడినది ఇక్కడే. చక్రాల ప్లాస్టిక్ గట్టిది, అచ్చు శుభ్రంగా ఉంది, ఒకదానిలో ఒకటి కదలకుండా కూర్చోవడానికి చిన్న గాడులు కూడా ఉన్నాయి. వాటికి పూర్తి మార్కులు. పెట్టెలో ఇచ్చిన స్క్రూలు మాత్రం ఒకటిన్నర అంగుళాలవి. ముప్పావు అంగుళం చక్రాలూ 5/16 అంగుళం ఫ్లాంజూ దాటేసరికి, చెక్కలోకి దిగడానికి మిగిలేది అర అంగుళం కూడా లేదు. చక్రాలు రెండో మూడో వాడేవారిని దృష్టిలో పెట్టుకొని కొన్ని పొడవాటి స్క్రూలు కూడా ఇస్తే వారి సొమ్మేమి పోయేదో తెలియదు. నేను రెండు అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు విడిగా కొన్నాను. బోల్టులు పసుపు రంగులో మెరుస్తుంటే ఇత్తడివే అనుకున్నాము. నాన్నగారికి అనుమానం వచ్చి, ఫ్రిజ్ తలుపు మీద ఉన్న వేంకటేశ్వరస్వామి బొమ్మ మాగ్నెట్ పీకి తెచ్చి బోల్టుకు తాకించారు. టక్కున అంటుకుంది. పైన ఇత్తడి పూత, లోపల ఇనుము. చెమ్మలో ఉండే చోట అటువంటి బోల్టు కొన్నేళ్లకు తుప్పు పట్టి, విప్పబోతే విరుగుతుంది. నికార్సయిన ఇత్తడి బోల్టుల జత కోసం మళ్లీ దుకాణానికి వెళ్లక తప్పలేదు. ఫోమ్ గ్యాస్కెట్ గురించి కాగితంలో ఒక బొమ్మ తప్ప ఒక్క ముక్క వివరణ లేదు. సిలికోన్ వాడేటప్పుడు అది వేయాలో వద్దో నాకు అర్థం కాలేదు, వాడలేదు.

ఎత్తు సరయింది గనుక మైనపు రింగు ఇప్పుడు ఒకటే సరిపోయింది, అదీ మామూలు మందానిది. జనవరి నెల కావడంతో గరాజ్‌లో పెట్టిన రింగు రాయిలా బిగుసుకొని ఉంటే, వంటింట్లో రెండు గంటలు ఉంచిన తరువాత మెత్తబడింది. మొదటిసారి కమోడ్ దించినప్పుడు నా వైపు బోల్టు కన్నంలోకి రాక, కమోడ్ పక్కకు ఆని, రింగు ఒక వైపు చితికిపోయింది. నలిగిన మైనాన్ని వేళ్లతో సరిచేసి వాడుకోవచ్చనే ఆశ ఎవరికైనా పుడుతుంది. వాడకూడదు. ముందుచూపుతో రెండు రింగులు కొనడం వల్ల పని ఆగలేదు. రెండోసారి ఎత్తి పట్టుకొని దించబోతుండగా నాన్నగారు, “ఒరేయ్, గుడ్డ తీశావా?” అన్నారు. తీయలేదు. బరువైన కమోడ్‌ను మళ్లీ దుప్పటి మీదికి చేర్చి తువ్వాలు లాగేసరికి ఇద్దరికీ నడుము పట్టేసింది. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఈ సమీక్ష మరోలా ఉండేది.

కూర్చోబెట్టాక నట్లను ఒకేసారి ఒక పక్క బిగించకుండా, అటు అర చుట్టూ ఇటు అర చుట్టూగా బిగించాలి. పింగాణీ గట్టిదే గాని ఒక బిందువు దగ్గర ఒత్తిడి పడితే ఇట్టే చీలుతుంది. కమోడ్ కదలకుండా నిలిచిన చోట ఆపేయాలి. టైల్ ఎంత మట్టంగా ఉన్నా ఒక మూల కాస్త సందు మిగిలింది, అక్కడ రెండు పలుచని ప్లాస్టిక్ ముక్కలు దోపాను. ఆ తరువాత పదిసార్లు వరుసగా ఫ్లష్ చేసి, అడుగు చుట్టూ టాయిలెట్ కాగితం పరచి చూశాము. ఎక్కడా తడి లేదు. వారం గడిచాక అడుగు చుట్టూ సిలికోన్ పూశాను. వెనుకవైపు జానెడు మేర వదిలేస్తే రేపు లీకు వచ్చినా నీరు పైకి కనిపిస్తుందని కొందరు చెప్తారు, నేను అలాగే వదిలాను. ఇక్కడి ప్లంబింగ్ నియమాలు మాత్రం కమోడ్ నేలను తాకే అంచు నీరు చొరకుండా మూసి ఉండాలంటాయి గనుక, మీ ఊరి ఇన్‌స్పెక్టరు మొత్తం మూయమంటే మూయవలసిందే.

ఈ కిట్‌కు బదులు ఇంకేమి వాడవచ్చో కూడా చూశాను. మైనం అక్కరలేని రబ్బరు, ఫోమ్ సీళ్లు హోమ్ డిపో, లోస్ వంటి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ఫ్లూయిడ్‌మాస్టర్ వారి ‘బెటర్ దాన్ వ్యాక్స్’ ఆ కోవలోదే. అవి నలిగినా తిరిగి లేస్తాయి, కమోడ్‌ను ఎత్తి మళ్లీ దించినా పాడవవు గనుక ఒంటరిగా పని చేసుకొనేవారికి మేలు. అయితే ఎంత లోతు వరకు పనికి వస్తాయో పెట్టె మీద చూసి కొనాలి. అవి ఎత్తును సర్దుకుంటాయి తప్ప ఫ్లాంజ్‌ను నేలకు బిగించవు. గొట్టం లోపలికి దూర్చి రబ్బరును ఉబ్బించి బిగించే కొత్త ఫ్లాంజ్‌లు కూడా ఉన్నాయి. 4 అంగుళాల గొట్టమైతే ఆలోచించవచ్చు. మాది 3 అంగుళాల గొట్టం, అందులోకి మరొకటి దూరిస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. అది తెలిసిన వెంటనే ఆ ఆలోచన మానుకున్నాను.

అన్నిటికన్నా మంచి మార్గం పాత ఫ్లాంజ్‌ను కోసి తీసేసి, టైల్స్ పూర్తయి గ్రౌట్ ఆరిన తరువాత, గొట్టాన్ని కావలసినంత పొడిగించి, కొత్త ఫ్లాంజ్‌ను టైల్ మీదనే కూర్చోబెట్టి, టైల్‌కు కన్నాలు వేసి కింది చెక్కలోకి స్క్రూలు దించడం. పీవీసీ గొట్టానికి పీవీసీ, ఏబీఎస్ అనే నల్లటి ప్లాస్టిక్ గొట్టానికి ఏబీఎస్ జిగురే వాడాలి. టైల్‌కు కన్నం వేయడానికి డైమండ్ బిట్ వాడి, నీరు చిలకరిస్తూ, సుత్తి మోడ్ లేకుండా మెల్లగా తొలవాలి. మా విషయంలో ఆ పని చేయాలంటే అతుకు కోసం భోజనాల గది సీలింగు కోసి కిందినుంచి గొట్టాన్ని అందుకోవలసి వచ్చేది. 20 డాలర్ల కిట్ ఆ కోతను తప్పించింది. దానికి దక్కవలసిన మెప్పు అదే, అంతకు మించి కాదు.

కాబట్టి నా తీర్పు ఇలా ఉంటుంది. టైల్స్ ఇప్పటికే పడిపోయి, పాత ఫ్లాంజ్ పగలకుండా, కింద చెక్క గట్టిగా ఉండి, లోతు ముప్పావు అంగుళం లోపు ఉన్నవారు ఈ కిట్ నిస్సంకోచంగా కొనవచ్చు. స్క్రూలూ బోల్టులూ విడిగా కొనాలని ముందే అనుకోండి. ఐదుకు నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటీ ఆ పొట్టి స్క్రూలకూ పూత బోల్టులకూ. ఇంకా టైల్స్ మొదలుపెట్టనివారు దీన్ని బండిలో వేసుకోకుండా, పని ఒప్పుకొనే మేస్త్రీని “ఫ్లాంజ్ ఎత్తు ఎవరు చూస్తారు? ప్లంబరు వస్తారా, మీరే చేస్తారా?” అని అడగండి. నేనూ మా ఆవిడా ఆ మాట అడగలేదు. ఒప్పంద కాగితంలో టైల్ రంగు, గ్రౌట్ రంగు, మూలల్లో పట్టీ రకం కూడా ఉన్నాయి గాని, ఫ్లాంజ్ అన్న పదం ఎక్కడా లేదు.

బిగించి ఐదు నెలలైంది. వాసన లేదు, కమోడ్ కదలడం లేదు. సీలింగు మరక చుట్టూ నేను పెన్సిలుతో గీసిన గీత దాటి అది ఒక్క పిసరు కూడా పెరగలేదు. రంగు వేయించడం ఇంకా మిగిలి ఉంది. ఇప్పుడు మా పడకగదికి ఆనుకొని ఉన్న బాత్‌రూమ్‌కు కూడా టైల్స్ అనుకుంటున్నాము. మేస్త్రీకి పంపిన కాగితంలో మొదటి వాక్యం ఫ్లాంజ్ గురించే రాశాను. తెనాలి చేరుకున్న నాన్నగారు మొన్న ఫోనులో కమోడ్ సంగతి అడిగి, అది కదలడం లేదని చెప్పిన తరువాత, “ఆ మాగ్నెట్ మళ్లీ ఫ్రిజ్ మీద పెట్టారా లేదా?” అని అడిగారు.